చూసిన సినిమా మీద సొంత అభిప్రాయం రాయడం ఎలా

సినిమా అయిపోయి లైట్లు వెలగగానే ఫోన్ తీయకండి. ముఖ్యంగా ప్రసాద్స్‌లో మొదటి రోజు చూసి ఉంటే, బయట అడుగు పెట్టగానే ఎవరో ఒకరు మైక్ మొహం ముందు పెట్టి "ఎట్లుందన్నా సినిమా?" అని అడుగుతారు. ఆ క్షణంలో నోటికొచ్చే మాట చాలాసార్లు మన సొంతం కాదు. ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ లైన్లో విన్నదో, పొద్దున ప్రీమియర్ టాక్ అని ఎవరో పెడితే చదివిందో అయి ఉంటుంది. మైక్ పక్కనుంచి తప్పుకుని వచ్చేయండి. మెట్రోలోనో బండి మీదో ఇంటికి వస్తుంటే ఏ సీన్ మళ్ళీ మళ్ళీ గుర్తొస్తోందో గమనించుకోండి. రాత్రి ఎవరి రివ్యూ చదవకముందే, వీడియో చూడకముందే, దాని గురించి నాలుగు ముక్కలు ఫోన్‌లో నోట్ చేసి పెట్టుకోండి. రాయబోయేది మొత్తం అందులోంచే రావాలి.

నేను గట్టిగా నమ్మేది ఒక్కటే, అభిప్రాయం అనేది ఒక సీన్ మీద నిలబడాలి. సీన్ చూపించకుండా "ఎమోషన్ కనెక్ట్ అవలేదు" అని రాస్తే ఎదుటివాడికి ఒప్పుకోవడానికీ ఏమీ దొరకదు, కాదనడానికీ ఏమీ దొరకదు.

'బలగం' తీసుకోండి. 2023 మార్చిలో వచ్చింది. "తెలంగాణ పల్లె జీవితాన్ని కళ్ళకు కట్టారు" అని రాసినవాళ్ళు కోకొల్లలు, కానీ ఆ వాక్యం చదివితే సినిమా చూడని మనిషికి తెలిసేది సున్నా. దాని బదులు నల్లిబొక్క (మూలుగ ఉన్న ఎముక ముక్క) గురించి రాయండి. విందులో నల్లిబొక్క దగ్గర మొదలైన మాట పట్టింపుతో బావ, బావమరిది ఏళ్ళ తరబడి ఒకరి గడప ఒకరు తొక్కరు. దర్శకుడు వేణు ఎల్దండి ఆ కారణాన్ని చూసి ఎక్కడా నవ్వడు, మనల్నీ నవ్వి వదిలేయనివ్వడు, ఎందుకంటే పదిమందిలో అల్లుడి పళ్ళెంలో పడే ముక్క ఆ ఇంట్లో మర్యాద కొలత. అందుకే తర్వాత కాకి పిండం ముట్టనప్పుడు ఊరంతా కంగారు పడుతుంటే ఆ నల్లిబొక్కే మనకి గుర్తొస్తుంది. చివర బుడగజంగాల కళాకారులు పాడే పాటకి థియేటర్లో జనం ఏడ్చారంటే, ఆ ఏడుపుకి పునాది పడింది ఆ విందు దగ్గరే. నా వరకు, సాయిలు, సంధ్యల ప్రేమకి మాత్రం అంత బరువు లేదు, చావింటి సీన్ల పక్కన పెడితే అది తేలిపోతుంది. ఇలా రాస్తే మెచ్చుకున్నదీ తెలుస్తుంది, ఎక్కడ తగ్గిందో కూడా తెలుస్తుంది, కాదనేవాడు "లేదు, ఆ ప్రేమకథ ఫలానా సీన్లో బాగుంది" అని వాదించడానికి చోటు ఉంటుంది. వాదించడానికి చోటు ఇవ్వని అభిప్రాయం రాయడం దండగ.

ఎక్కడ చూశారో కూడా చెప్పండి. హైదరాబాద్‌లో ఇది చిన్న విషయం కాదు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సుదర్శన్‌లోనో దేవిలోనో పెద్ద హీరో సినిమా మొదటి రోజు చూస్తే మీరు సగం డైలాగులు వినరు. కాగితాలు ఎగురుతుంటాయి, ఈలలు, హీరో పేరు తెర మీద పడేసరికి ముందు వరసలో జనం కుర్చీల మీద నిలబడతారు. అది ఒక గొప్ప అనుభవం, నాకు చాలా ఇష్టం కూడా, కానీ దాన్ని రాస్తే జాతర గురించి రాసినట్టు రాయాలి, స్క్రీన్‌ప్లే గురించి తీర్పు ఇవ్వకూడదు. అదే సినిమా గచ్చిబౌలి ఏఎంబీ మల్టీప్లెక్స్‌లో బుధవారం మ్యాట్నీకి పాతికమంది మధ్య చూస్తే వేరే సినిమాలా ఉంటుంది. ఎలివేషన్ సీన్ అక్కడ నిలబడిందా, లేక గోల లేకపోయేసరికి డీలా పడిందా అన్నది అప్పుడు తెలుస్తుంది.

'పుష్ప 2'లో గంగమ్మ జాతర ఆ పరీక్షకి నిలబడుతుంది. చీర కట్టుకుని, ఒంటికి నీలం రంగు పూసుకుని అల్లు అర్జున్ చేసే ఆ భాగంలో గోల లేకపోయినా పట్టు ఉంది, ఎందుకంటే అది ఊరికే స్టైల్ కోసం పెట్టింది కాదు, తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్ళు ఆడవేషం కట్టడం నిజంగా ఉన్న మొక్కు, ఆ మొక్కు వెనక పుష్పకి తన ఇంటి గురించి ఒక ఆశ ఉంది. మొదట్లో వచ్చే జపాన్ పోర్టు ఫైట్ మాత్రం, నా దృష్టిలో, మూడు గంటల ఇరవై నిమిషాల సినిమాకి అక్కర్లేని బరువు. థియేటర్లో మొదట వచ్చిన వెర్షన్‌లో అది ఎక్కడ మొదలైందో అక్కడే వదిలేశారు, కథకి దాని అవసరం ఏమిటో చివరిదాకా తెలియదు.

ఆ సినిమా పేరు ఎత్తాక ఇంకొకటి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. 2024 డిసెంబర్ 4 రాత్రి సంధ్య థియేటర్ దగ్గర ప్రీమియర్ తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. అందరికంటే ముందు చూడాలి, అందరికంటే ముందు రాయాలి అనే ఆత్రంలో ఉన్న ప్రతి ఒక్కరూ ఇది గుర్తు పెట్టుకోవాలి. మీ అభిప్రాయం సోమవారం వచ్చినా ఎవరికీ నష్టం లేదు. సోమవారం చూడండి, పిల్లల్ని తీసుకెళ్తుంటే మరీ.

టికెట్ రేటు మీద కోపం ఉంటే దాన్ని విడిగా రాయండి. ఆ ప్రీమియర్‌కి టికెట్ మీద 800 రూపాయలు అదనంగా పెంచుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం అనుమతి ఇచ్చింది, నలుగురున్న కుటుంబానికి అది ఎంత భారమో లెక్క వేయండి, కోపం రావడం న్యాయమే. కానీ డబ్బు పోయిందన్న మంటతో సెకండాఫ్‌ని తిడితే చదివేవాడికి ఏది దేనికో అర్థం కాదు.

ఇక భాష. మన రివ్యూల్లో అచ్చు పోసినట్టు వచ్చే వాక్యాలు కొన్ని ఉన్నాయి. "తన పాత్రకు న్యాయం చేశాడు", "హీరోయిన్ తన పరిధి మేరకు నటించింది", "నిర్మాణ విలువలు ఉన్నతంగా ఉన్నాయి", "ఎడిటర్ తన కత్తెరకి ఇంకాస్త పని చెప్పాల్సింది". ఇవి ఏ సినిమాకైనా అతుకుతాయి, అదే వాటి రోగం. మీరు రాసిన వాక్యాన్ని తీసుకెళ్ళి వేరే సినిమా రివ్యూలో పెట్టి చూడండి, అక్కడ కూడా చక్కగా ఇమిడిపోతే దాన్ని కొట్టేయండి.

"ల్యాగ్" అనే మాట గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని వాడని తెలుగు ప్రేక్షకుడు లేడు. విసుగొచ్చింది, సరే, ఎందుకొచ్చింది? 'కల్కి 2898 ఏడీ' మొదటి గంట చాలామందికి సాగినట్టనిపించింది, నాకూ అనిపించింది, దానికి కారణం నిడివి అనుకోను. భైరవకి (ప్రభాస్) డబ్బున్నవాళ్ళు ఉండే కాంప్లెక్స్‌లోకి వెళ్ళాలని ఉంది, దానికి యూనిట్లు, అంటే ఆ లోకంలో డబ్బు, కావాలి. ఇది మనకి తొందరగానే తెలిసిపోతుంది. ఆ తర్వాత మాట్లాడే కారు బుజ్జితో కబుర్లు, జోకులు, చిన్న చిన్న గొడవలు వస్తాయి కానీ ఆ కోరికకి కొత్తగా ఒక్క అడ్డంకీ, ఒక్క కారణమూ కలపవు. అశ్వత్థామ లేచి నిలబడ్డాక సినిమాకి ఒక్కసారిగా ప్రాణం వస్తుంది, ఎందుకంటే అతనికి కాపాడాల్సిన మనిషి ఉంది, వేల ఏళ్ళ శాపం ఉంది, ఎదురుగా భైరవ ఉన్నాడు. విసుగు ఎక్కడ మొదలైంది, ఎక్కడ పోయింది అని రెండు చోట్లు గుర్తుపెట్టుకుంటే చాలు, కారణం దానంతట అదే దొరుకుతుంది.

నటన గురించి రాయడం అన్నిటికంటే కష్టం. నేను చేసేది ఏంటంటే, ఆ నటుడు మాట్లాడనప్పుడు ఏం చేస్తున్నాడో చూస్తాను. వీలైతే అదే మనిషి చేసిన ఇంకో పాత్ర పక్కన పెడతాను. శివాజీ దీనికి మంచి ఉదాహరణ. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన ''90స్ - ఏ మిడిల్ క్లాస్ బయోపిక్'లో ఆయన లెక్కల మాస్టారు, పైసా పైసా లెక్కపెట్టే తండ్రి, పిల్లలు భయపడతారు గానీ ఆ భయంలో ఇల్లు ఇరుకైపోదు. 2025 మార్చిలో వచ్చిన 'కోర్ట్'లో మంగపతిగా అదే మనిషి గది లోపలికి వస్తే ఇంట్లో ఆడవాళ్ళు మాట మధ్యలోనే ఆపేస్తారు. రెండింటిలోనూ ఇంటి పెద్దే, రెండింటిలోనూ పరువు గురించే ఆరాటం. మొదటిదాంట్లో కోప్పడ్డాక కళ్ళు పిల్లల వైపు వెళ్తాయి, రెండోదాంట్లో తను అన్న మాట నెగ్గిందా లేదా అన్న వైపు వెళ్తాయి. ఇలాంటిది ఒక్కటి పట్టుకున్నా "అద్భుతంగా నటించాడు" అని మూడుసార్లు రాయాల్సిన పని ఉండదు.

ఇక్కడే ఇంకో చిక్కు. మంచి విషయం మీద తీశారు కాబట్టి మంచి సినిమా అనేయడం మనకి బాగా అలవాటైంది. 'కోర్ట్' లాంటి సినిమాలో పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల) చట్టం దుర్వినియోగం గురించి మాట్లాడారు, ఆడపిల్ల బాధ గురించి మాట్లాడారు, ఇక విమర్శిస్తే మనమే చెడ్డవాళ్ళం అన్నట్టు. నేను దీనికి అస్సలు ఒప్పుకోను. విషయం ఎంత గొప్పదైతే తెర మీద దాన్ని ఎలా చూపించారో అంత గట్టిగా అడగాలి. రాహుల్ రవీంద్రన్ 'ది గర్ల్‌ఫ్రెండ్' నాకు నచ్చింది ఆ అంశం వల్ల కాదు. అందులో భూమ (రష్మిక) తన ప్రియుడు విక్రమ్ ఇంటికి వెళ్ళి అతని తల్లిని చూస్తుంది. రోహిణి వేసిన ఆ పాత్ర దాదాపు మాట్లాడదు, కొడుకు ముందు ఒదిగి ఒదిగి ఉంటుంది, భూమ ఆమెలో తన రాబోయే రోజులు చూసుకుంటుంది. ఆ సీన్ చాలు, తర్వాత భూమ ఎందుకు బయటపడాలనుకుంటుందో ఒక్క డైలాగ్ అక్కర్లేకుండా అర్థమవుతుంది. అందుకే చివర్లో వచ్చే పెద్ద ప్రసంగం నాకు అదనం అనిపించింది, తల్లి మౌనం చెప్పేసిన మాటని మళ్ళీ మైక్ పెట్టి చెప్పినట్టు. మీకు ఆ ప్రసంగమే నచ్చి ఉండొచ్చు. అయితే ఎందుకో రాయండి, చదవాలని నాకు నిజంగా ఉంది.

నవ్వితే నవ్వానని రాయండి. 2025 సంక్రాంతికి వచ్చిన 'సంక్రాంతికి వస్తున్నాం' చూసి ఇంటిల్లిపాదీ పడి పడి నవ్వి, తర్వాత "లాజిక్ లేదు, పాత కామెడీ" అని రాసినవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది. లాజిక్ లేదు, నిజమే, కిడ్నాప్ గొడవ అంతా భార్యనీ మాజీ ప్రియురాలినీ ఒకే బండి ఎక్కించడానికి పెట్టిన వంక. కానీ ఐశ్వర్యా రాజేష్ భాగ్యంగా మొగుడి వైపు చూసే చూపు, ఆ గోదావరి యాసలో మాటకి మాట వేసే టైమింగ్ లేకపోతే వెంకటేష్ అవస్థకి అంత నవ్వు రాదు. ఓటీటీ చూసి బూతులు నేర్చుకున్న బుల్లిరాజు మొదటిసారి నోరు విప్పినప్పుడు నవ్వొస్తుంది, పెద్దవాళ్ళ మొహాలు చూసి. అదే జోకు మళ్ళీ మళ్ళీ వచ్చేసరికి పిల్లాడి మీద మరీ ఎక్కువ భారం వేశారనిపిస్తుంది. నవ్వునీ, అభ్యంతరాన్నీ రెండింటినీ ఒకే పేరాలో పెట్టడానికి భయపడకండి.

కలెక్షన్ల జోలికి పోవద్దు. పోతే కనీసం ఏది ఏమిటో తెలుసుకుని పోండి: గ్రాస్ అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం, షేర్ అంటే అందులో పన్నులు, థియేటర్ ఖర్చు పోగా డిస్ట్రిబ్యూటర్ చేతికి వచ్చేది. పోస్టర్ మీద కనిపించే పెద్ద అంకె మామూలుగా గ్రాసే. నైజాంలో (సినిమా వాళ్ళ లెక్కలో తెలంగాణ ఏరియా) ఎంత వచ్చిందన్నది డిస్ట్రిబ్యూటర్ బాధ, మీకు ఆ సీన్లో గొంతు పట్టుకుందా లేదా అన్నదానికి దాంతో సంబంధం లేదు.

సిరీస్‌లకి పద్ధతి కొంచెం మారుతుంది. మొదటి ఎపిసోడ్ అందరూ కష్టపడి తీస్తారు, చివరిదీ అంతే. మధ్యవి చూడండి. ఒక ఎపిసోడ్ అవగానే తర్వాతది దానంతట అదే మొదలవకుండా ఆపేసి, ఇప్పుడు ఏం కొత్తగా తెలిసింది అని అడగండి. ఎనిమిది ఎపిసోడ్ల 'దూత'లో పేపర్ ముక్కల మీద రాబోయే చావు ముందే రాసి ఉండటం, ఎడతెగని వాన, ఇవి నన్ను బాగా పట్టుకున్నాయి. రహస్యం విప్పి చెప్పడం మొదలెట్టాక మాటలు పెరిగి వాన తగ్గినట్టయింది. 'రానా నాయుడు' మీద మన వాళ్ళ గొడవంతా బూతుల గురించే నడిచింది, వెంకటేష్ అలాంటి మాటలు అనడమా అని. నా అభ్యంతరం వేరు. అక్కడ కోపం రావాల్సిన చోటా బూతే, బాధ రావాల్సిన చోటా బూతే, అలా అన్ని చోట్లా అదే పడితే తండ్రీకొడుకుల మధ్య ఉన్న గాయం లోతు మనకి చేరదు.

డైలీ సీరియల్ గురించి చూడకుండా వెటకారం చేయకండి. 'కార్తీక దీపం' ఏళ్ళ తరబడి తెలుగు ఇళ్ళలో నడిచింది, మన ఇంట్లో ఎవరో ఒకరు వంటలక్క దీప కోసం అన్నం పళ్ళెం పట్టుకుని టీవీ ముందు కూర్చున్నవాళ్ళే. దాని మీద నా ఫిర్యాదు సూటిగా చెప్తాను: నల్లగా ఉండటం తప్పు కాదని చెప్పడానికి మొదలైన కథ, దీపని అవమానించే సీన్ల మీదే ఎక్కువ బతికింది. అది అమ్మతోనో అత్తయ్యతోనో కూర్చుని నాలుగు వారాలు చూసి, వాళ్ళేమంటున్నారో విని రాస్తే ఎంతో విలువ ఉంటుంది. వాళ్ళు మనకంటే పదునుగా విమర్శిస్తారు, రాయరంతే.

నవల అయితే ముందుమాట చివర్లో చదవండి. మన పుస్తకాలకి ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు ముందుమాటలు రాస్తారు, వాటిలో కథ చెప్పేస్తారు, పైగా మనం ఏమనుకోవాలో కూడా చెప్పేస్తారు. మన సాహిత్య లోకం చిన్నది, ఎన్టీఆర్ స్టేడియంలో బుక్ ఫెయిర్‌కి వెళ్తే పక్క స్టాల్లో రచయితే ఎదురవుతారు, అందుకే మొహమాటం ఎక్కువ, ఆవిష్కరణ సభలో ప్రతిదీ గొప్ప నవలే. మొహమాటం లేకుండా, అయితే మర్యాదగా రాయడానికి మార్గం ఒకటుంది, నచ్చిన ఒక పేజీ, ఆగిపోయిన ఒక పేజీ నంబర్లతో సహా చెప్పడం. మధురాంతకం నరేంద్ర 'మనోధర్మపరాగం'కి 2022లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, అందులో దేవదాసీల జీవితం, కర్ణాటక సంగీతం పెనవేసుకుని ఉంటాయి. సంగీతం తెలియని పాఠకుడిగా ఎక్కడ అందలేదో రాయడం తప్పేమీ కాదు, అవార్డు వచ్చింది కదా అని తల ఊపడమే తప్పు.

నవల సినిమాగా వస్తే "పుస్తకమే బాగుంది" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డి 'కొండపొలం' 2019లో తానా (అమెరికాలోని తెలుగువాళ్ళ సంఘం) నవలల పోటీలో గెలిచింది, 2021 అక్టోబర్‌లో క్రిష్ దాన్ని సినిమా తీశారు. నవలలో లేని ప్రేమకథ సినిమాలో చేర్చారు. చేర్చడం నేరం కాదు. నా బాధ ఏంటంటే, కరువు కాలంలో గొర్రెల్ని తోలుకుని నల్లమల ఎక్కిన మనుషులకి అడవి పుస్తకంలో ముందు చెవికి తెలుస్తుంది, మంద బెదిరిన తీరుని బట్టి పులి ఎటుందో పసిగడతారు. తెర మీద పులి కనిపించేస్తుంది. కనిపించాక భయం తగ్గిపోయింది. ఏది పోయిందో ఇలా పేరు పెట్టి చెప్పగలిగితే రెండూ చదవని, చూడని మనిషి కూడా మీ మాట వింటాడు.

రాసి పెట్టాక ఫ్యాన్స్ వస్తారు. సీన్ గురించి మాట్లాడేవాళ్ళతో ఎంతసేపైనా మాట్లాడండి. కులం ఎత్తినవాడికి జవాబు ఇవ్వకండి, మీరు ఎత్తకండి, మీ పోస్టు కింద ఎవరు ఎత్తినా ఆ కామెంట్ తీసేయండి, ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు. హీరోయిన్ ఒళ్ళు గురించి, వయసు గురించి రాసేదానికి కూడా అదే పద్ధతి. నటుడి ఇంటి సంగతులు మీకు అనవసరం.

స్పాయిలర్ ఉంటే మొదటి లైన్లోనే చెప్పి, కింద ధైర్యంగా రాయండి. దాచి దాచి రాస్తే అసలు మాట అనలేరు.

చాలా సినిమాలు నాలుగైదు వారాల్లో ఓటీటీకి వచ్చేస్తున్నాయి. అప్పుడు మీరు పట్టుకున్న ఆ ఒక్క సీన్ మళ్ళీ చూడండి, సినిమా మొత్తం అక్కర్లేదు. మాట మారితే పాతది చెరపకుండా, కింద తేదీ వేసి కొత్తది రాయండి.